తోలు బయట, బుద్ధుడు లోపల: ఖాట్మండు విహారాల్లో రెండు రోజులు

బౌద్ధంలో కులం లేదని మనం చాలా తేలిగ్గా అనేస్తాం. అక్టోబరు 14 సభల్లో అంటాం, పెళ్ళిళ్ళలో త్రిశరణం చెప్పించేటప్పుడు అంటాం, హాస్టల్ గదుల్లో వాదనకి దిగినప్పుడు అంటాం. హిందూ మతంలో కులం ఉంది, బౌద్ధంలో లేదు, అందుకే బాబాసాహెబ్ అటు వెళ్ళారు అని పిల్లలకి రెండు ముక్కల్లో చెప్పేస్తాం. అది అబద్ధం కాదు గానీ సగం మాట. మిగిలిన సగం ఏమిటో, ఒక శుక్రవారం సాయంత్రం ఖాట్మండులో దిగి ఆదివారం రాత్రి తిరిగి బయల్దేరిన చిన్న ప్రయాణంలో మాకు కొంత తెలిసొచ్చింది.

మేము ముగ్గురం. ఇద్దరం పాఠాలు చెప్పుకునేవాళ్ళం, ఒకరు పరిశోధక విద్యార్థి. ఆ విద్యార్థి తాత లందలో తోళ్ళు నానబెట్టినవాడు, తండ్రి బస్టాండు దగ్గర చెప్పులు కుట్టినవాడు. ఈ సంగతి ముందే చెప్పడం ఎందుకంటే ఈ వ్యాసం తిరిగి తిరిగి తోలు దగ్గరికే వస్తుంది.

ఖాట్మండే ఎందుకంటే, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో దీక్ష తీసుకున్న బాబాసాహెబ్ నెల తిరిగేసరికి, ఒంట్లో బాగాలేకపోయినా, ఆ ఊరు వెళ్ళారు. నాలుగవ ప్రపంచ బౌద్ధ సమ్మేళనం అక్కడ జరిగింది. నవంబరు 20న ఆయన బుద్ధుడి గురించీ కార్ల్ మార్క్స్ గురించీ మాట్లాడారు. సరిగ్గా పదహారు రోజులకి, డిసెంబరు 6న, కన్నుమూశారు. ఆ ప్రసంగం మీద మన దగ్గర బోలెడు చర్చ జరిగింది. కమ్యూనిస్టు పార్టీల్లోంచి బయటికొచ్చిన దళిత కార్యకర్తలు దాన్ని ఒకరకంగా చదివారు, పార్టీల్లో ఉండిపోయినవాళ్ళు ఇంకోరకంగా చదివారు. కానీ ఆయన ఆ మాటలు ఏ ఊళ్ళో నిలబడి అన్నారు, ఆ ఊళ్ళో బౌద్ధం ఎట్లాంటిది, దానికీ కులానికీ ఉన్న సంబంధం ఏంటి అన్న ప్రశ్న మనం వేసుకోలేదు. ప్రసంగం చదివాం, ఊరిని చదవలేదు. మేము చేసింది ఆ ఊరిని చదివే పని. విహారాలనీ, వాటి గుమ్మాలనీ, వాటి మీద అల్లిన కథలనీ పుస్తకాల్లాగే విమర్శకి పెట్టొచ్చని మా నమ్మకం.

బౌద్ధ క్షేత్రాల యాత్రల మీద తెలుగులో వచ్చే రాతల్ని కాస్త తిరగేస్తే ఒక సంగతి కనపడుతుంది. శాంతి గురించి రాస్తారు. శిల్పం గురించి రాస్తారు. అరమోడ్పు కళ్ళ గురించీ, గాలికి ఊగే రంగురంగుల జెండాల గురించీ, వెన్నదీపాల గురించీ రాస్తారు. నేపాల్ అనగానే మాత్రం ఇంకో మాట తప్పకుండా చేరుతుంది: హిందూ బౌద్ధ సామరస్యం. ఒకే దేవుణ్ణి ఇద్దరూ మొక్కుతారు, ఒకే పండగని ఇద్దరూ చేస్తారు, చూడండి ఎంత బాగుందో అని. సామరస్యం ఎవరికీ ఎవరికీ మధ్య, దాని ఖర్చు ఎవరు పెట్టుకున్నారు అన్నది రాయరు. గుడి లోపల నిలబడి రాసేవాళ్ళకి గడప ఇవతల ఎవరున్నారో కనపడదు మరి.

శనివారం పొద్దున్నే స్వయంభూ ఎక్కాం. 365 మెట్లు, కోతులు, పైన తెల్లటి స్తూపం, నాలుగు వైపులా చూసే కళ్ళు. ఇవన్నీ అందరూ రాసినవే. మమ్మల్ని ఆపింది స్తూపం పక్కనున్న హారతి గుడి. హారతి మశూచి తల్లి. పిల్లల్ని ఎత్తుకుపోయి తినే యక్షిణిని బుద్ధుడు మార్చి పిల్లల్ని కాచే తల్లిని చేశాడని కథ. ఇక్కడివాళ్ళు అజిమా అంటారు, అంటే అమ్మమ్మ, నాయనమ్మ. మన పోలేరమ్మకి అక్కో చెల్లెలో అవుతుంది. మేము వెళ్ళిన వేళకి స్తూపం చుట్టూ కంటే ఆమె ముందే ఆడవాళ్ళు ఎక్కువున్నారు. బౌద్ధం జనం దేవతల్ని తరిమెయ్యకుండా కలుపుకుంది అనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఉండదని మాలో ఒకరు ఉత్సాహంగా అన్నారు. ఆ ఉత్సాహం మధ్యాహ్నం దాకా ఉంది.

మధ్యాహ్నం బాగ్మతి దాటి పాటన్ వెళ్ళాం. లలిత్‌పూర్ అని ఇంకో పేరు. ఇది నేవార్ల ఊరు. ఈ ఒక్క ఊళ్ళోనే 150కి పైగా విహారాలున్నాయి. వీధిలోంచి చూస్తే ఇళ్ళ మధ్య ఒక చిన్న గుమ్మం. వంగి లోపలికి పోతే నలుచదరపు వాకిలి, మధ్యలో చైత్యం, ఎదురుగా బుద్ధుడి గది, గది గుమ్మానికి అటూ ఇటూ గణేశుడూ మహాకాలుడూ కాపలా. చుట్టూ సంసారాలు, ఆరేసిన బట్టలు, పిల్లలు. భిక్షువులు లేరు. శతాబ్దాలుగా లేరు. ఉన్నది ఆ భిక్షువుల వారసులమని చెప్పుకునే గృహస్థులు.

అన్నిటికంటే పేరున్నది క్వా బహా. హిరణ్యవర్ణ మహావిహారం అని సంస్కృతం పేరు, బంగారు గుడి అని టూరిస్టుల పేరు. అందంగా లేదనం, కళ్ళు తిప్పుకోలేనంత అందంగా ఉంది. బంగారు పూత వేసిన రాగి రేకుల కప్పులు, లోహపు ఏనుగులు, పనస తొనలు పట్టుకున్న కోతి బొమ్మలు, వాకిట్లో నింపాదిగా తిరిగే తాబేళ్ళు. పూజ చేసేది పన్నెండేళ్ళలోపు పిల్లవాడు. నెలరోజులు అతని వంతు, తర్వాత ఇంకో పిల్లవాడి వంతు. లోపలి వాకిట్లోకి దిగాలంటే చెప్పులు విప్పాలి, అది ఎక్కడైనా ఉన్నదే. దాంతో పాటు ఇంకో నియమం ఉంది, గైడు పుస్తకాల్లో కూడా అచ్చేశారు. తోలు వస్తువులేవీ లోపలికి తీసుకుపోకూడదు.

మాలో ఇద్దరం బెల్టులు విప్పాం, పర్సులు బయటపెట్టాం. మూడో అతనికి బెల్టు లేదు, పర్సు రెగ్జిను. అతన్ని ఆపేదేమీ లేదు. అతను మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"మీరెళ్ళి చూసి రండి సార్. నేను రాను."

"ఏం, నీ దగ్గర తోలేం లేదు గదా?"

"నేనే తోలు గదా సార్" అని నవ్వాడు.

ఆ నియమంలో కులం పేరు లేదు. అందరికీ ఒకటే నియమం. అమెరికా వాడైనా బెల్టు విప్పాల్సిందే. దాన్ని సమర్థించేవాళ్ళు అహింస అంటారు. తోలంటే చంపడం, బుద్ధుడి ముందుకి చంపినదాన్ని తేకూడదు అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ నేవార్ బౌద్ధులు శాకాహారులు కాదు. విందుల్లో గేదె మాంసం లేకపోతే విందే కాదు. వజ్రాచార్యుల తాంత్రిక పూజల్లోనే మాంసమూ మద్యమూ ఉన్నాయి. మేమేమీ తప్పు పట్టడం లేదు, గొడ్డు మాంసం తిన్నందుకు వెలివాడల్లో ఉన్నవాళ్ళం మనం ఆ పని చెయ్యలేం. మా ప్రశ్న వేరే. గేదె మాంసం నైవేద్యానికి పనికొచ్చిన ఊళ్ళో గేదె తోలు ఎందుకు పనికిరాకుండా పోయింది? మాంసంలో లేని హింస తోల్లో ఎక్కడ్నించి వచ్చింది?

శ్రావణ మాసం ప్రాంతంలో వచ్చే గుంలా నెలంతా నేవార్ బౌద్ధులు డోళ్ళు వాయించుకుంటూ స్వయంభూకి ఊరేగింపుగా వెళ్తారు. ఆ డోలుకి మూసింది తోలు కాదా? ఆ తోలు మూసే పని కులూలది, నేవార్లలో తోలుపని కులం వాళ్ళది. ఇక్కడ మనకి కొత్తగా నేర్చుకునేదేం లేదు. మన ఊళ్ళల్లో అమ్మవారి జాతరకి డప్పు కావాలి, డప్పు కొట్టే మాదిగ గుడి మెట్లకి దూరంగా ఉండాలి. శబ్దం లోపలికి పోవచ్చు, మనిషి పోకూడదు. కాబట్టి పాటన్ నియమంలో పనిచేస్తున్నది హింస గురించిన బాధ కాదు, మైల గురించిన భయం. మైల అనేది బుద్ధుడి మాట కాదు, మనువు మాట. అది విహారం గుమ్మం మీదికి ఎలా ఎక్కింది?

ఎలా ఎక్కిందో అర్థం కావాలంటే విహారం ఎవరిదో అడగాలి. నేవార్ విహారంలో సభ్యత్వం పుట్టుకతో వచ్చేది. శాక్యులూ వజ్రాచార్యులూ అని రెండు కులాలు. తండ్రీ ఆ కులమే అయి, తల్లీ ఆ కులమే అయితేనే కొడుక్కి అర్హత. చిన్నప్పుడే ఆ పిల్లవాడికి గుండు గీయించి, చీవరం కట్టి, భిక్షాపాత్ర చేతికిస్తారు. నాలుగు రోజులు భిక్షువు. నాలుగో రోజు గురువు ముందు నిలబడి భిక్షు జీవితం కష్టం, గృహస్థుగా ఉంటానని చెప్పి చీవరం విప్పేస్తాడు. ఇక జన్మంతా ఆ విహారం సభ్యుడు. అతని కొడుకూ అంతే, మనవడూ అంతే. కూతుళ్ళకి ఈ దీక్ష లేదు. వజ్రాచార్యుల పిల్లలకి దీని మీద ఇంకో దీక్ష ఉంటుంది, దాంతో ఇతరుల ఇళ్ళల్లో పౌరోహిత్యం చేసే హక్కు వస్తుంది. అంటే బౌద్ధ పురోహితుడు. ఈ రెండు మాటలు పక్కపక్కన రాయడానికే మాకు చెయ్యి రాలేదు.

ఒడుగుతో దీన్ని పోల్చకుండా ఉండలేం. ఒడుగులో బ్రాహ్మడి పిల్లవాడు కాసేపు సన్యాసి వేషం కట్టి, కాశీకి బయల్దేరినట్టు నటించి, మేనమామ బతిమాలితే వెనక్కి వచ్చి పెళ్ళికి సిద్ధమవుతాడు. ఇక్కడ శాక్యుల పిల్లవాడు నాలుగు రోజులు భిక్షువై వెనక్కి వస్తాడు. రెండు చోట్లా త్యాగం ఒక వేషం, దక్కేది కులం.

'బుద్ధుడూ ఆయన ధమ్మమూ' ముందుమాటలో బాబాసాహెబ్ నాలుగు సమస్యలు ముందు పెట్టారు. నాలుగోది భిక్షువు గురించే. బుద్ధుడు భిక్షువుని తయారుచేసింది తనకు తాను పరిపూర్ణుడైన మనిషిగానా, జనానికి సేవ చేసే మనిషిగానా? పరిపూర్ణ మానవుడైతే అతను స్వార్థపరుడు, వాడితో బౌద్ధానికి ఉపయోగం లేదు. సమాజ సేవకుడైతే అతనే ఆశ అన్నది ఆయన వాదన సారం. మేము ఈ పుస్తకాన్ని ఎన్నోసార్లు పాఠంగా చెప్పాం. కానీ భిక్షువు ఈ రెండూ కాకుండా మూడోదిగా, ఒక కులంగా, మారగలడని మాకు పాటన్ వాకిట్లో నిలబడ్డాకే తట్టింది. అదే పుస్తకంలో పాకీపని చేసే సునీతుడు, మంగలి ఉపాలి సంఘంలోకి వచ్చిన కథలు ఆయన ప్రత్యేకంగా ఏరి పెట్టారు. సునీతుడి పని చేసిన పోడేలని పాటన్ ఊరి హద్దుకి అవతల ఉంచింది, ఇంటి మీద పెంకులు వేసుకోనివ్వలేదు. మళ్ళీ ఊరి చుట్టూ ఉన్న శక్తి పీఠాలకి కాపలా మాత్రం ఆ పోడేలదే. అమ్మవారిని కాయడానికి పనికొచ్చినవాడు విహారానికి పనికిరాలేదు.

ఇదంతా హిందూ రాజులు చేసిన పని అని చెప్పి బయటపడొచ్చు. సంప్రదాయం పద్నాలుగో శతాబ్దపు జయస్థితి మల్లుడి పేరు చెబుతుంది. బ్రాహ్మణ పండితుల్ని పెట్టుకుని లోయలో వాళ్ళందరినీ కులాలుగా విడగొట్టాడని, భిక్షువుల్ని సంసారులుగా మార్చాడని. మన సభల్లో కూడా ఈ రకం వాదన బాగా నడుస్తుంది: బౌద్ధం మంచిదే, బ్రాహ్మణులు పాడుచేశారు. మాకు ఇది చాలదు. ఒక రాజు ఆజ్ఞ వేస్తే ఆరు వందల ఏళ్ళు నిలబడుతుందా, లోపలివాళ్ళకి అందులో లాభం లేకపోతే? విహారానికి భూములున్నాయి, ఆదాయం ఉంది, ఊళ్ళో గౌరవం ఉంది. ఆస్తి ఉన్నచోట వారసత్వం కావాలి, వారసత్వం కావాలంటే పెళ్ళి కట్టడి కావాలి, పెళ్ళి కట్టడి వస్తే కులం వచ్చినట్టే. కులం ఎలా పుడుతుందో 1916లోనే బాబాసాహెబ్ కొలంబియాలో చదివిన పత్రంలో చెప్పింది ఇదే గదా. ఒక గుంపు తలుపు మూసుకుంటుంది, మిగతావాళ్ళు బయట ఉండిపోతారు. తలుపు మూసింది బ్రాహ్మడు కానక్కర్లేదు. బుద్ధుడి బొమ్మ ముందు కూర్చుని కూడా మూసుకోవచ్చు.

అయితే ఒక న్యాయం చెప్పాలి. ఈ శాక్యులూ వజ్రాచార్యులూ కూడా ఇంకొకడి కింద నలిగినవాళ్ళే. 1854లో జంగ్ బహదూర్ రాణా తెచ్చిన ములుకీ ఐన్ దేశం మొత్తాన్ని నిచ్చెన మెట్లుగా రాసిపెట్టింది. జంధ్యం వేసుకునేవాళ్ళు పైన. మద్యం తాగేవాళ్ళు వాళ్ళ కింద. వాళ్ళ కింద నీళ్ళు పుచ్చుకోకూడని వాళ్ళు. అందరికంటే అడుగున అంటుకుంటే నీళ్ళు చల్లుకోవాల్సినవాళ్ళు. కులూలది నీళ్ళు పుచ్చుకోకూడని వరస. పోడేలు, చ్యామేలు, తోలుపని చేసే సార్కీలు, కమ్మరం చేసే కామీలు, బట్టలు కుట్టి బాజాలు వాయించే దమాయీలు అట్టడుగున. మనువు రాసింది శాస్త్రం అనైనా తప్పుకోవచ్చు, ఇది దేశపు చట్టం. దానికింద మతం మారడం నేరం. ఇరవయ్యో శతాబ్దంలో కొత్తగా టిబెట్ సంప్రదాయపు చీవరం కట్టిన భిక్షువుల్ని రాణాలు 1926లో వెళ్ళగొట్టారు, 1944లో ఎనిమిదిమంది థేరవాద భిక్షువుల్ని వెళ్ళగొట్టారు. అట్లా వెళ్ళినవాళ్ళు సారనాథ్ చేరి ధర్మోదయ సభ పెట్టుకున్నారు. 1956 సమ్మేళనాన్ని ఖాట్మండులో జరిపింది ఆ సభే.

ఈ థేరవాదులు నేవార్ విహారం మూసిన తలుపుని కొంత తీశారు. శాక్యుడు కానివాడికీ చీవరం దొరికింది, ఆడవాళ్ళకీ దొరికింది. వాళ్ళలో తొలితరం చాలామందికి దీక్ష ఇచ్చింది కుశీనగర్‌లో ఉన్న బర్మా భిక్షువు చంద్రమణి. ఈ పేరు మన పాఠకులకి వేరే చెప్పక్కర్లేదు. నాగపూర్‌లో బాబాసాహెబ్‌కి త్రిశరణ పంచశీలాలు ఇచ్చింది కూడా ఆయనే. ఒకే చెయ్యి ఇద్దరికీ దీక్ష ఇచ్చింది. తేడా ఎక్కడుందంటే, నాగపూర్‌లో భిక్షువు పని అయిపోయాక బాబాసాహెబ్ స్వయంగా లేచి నిలబడి లక్షల మందికి దీక్ష ఇచ్చారు. భిక్షువు కాని మనిషి, అంటరాని కులంలో పుట్టిన మనిషి. పైగా పంచశీలాలతో ఆగకుండా ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేయించారు. బ్రహ్మ విష్ణు మహేశ్వరుల్ని కొలవను, బుద్ధుడు విష్ణువు అవతారమని నమ్మను, మనుషులంతా సమానమని నమ్ముతాను అనే అర్థం వచ్చే ప్రతిజ్ఞలు. బౌద్ధానికి ఇవి అవసరమా, ఇంత తిరస్కారం ఎందుకు, బుద్ధుడి కరుణకి ఇది తగునా అని సాత్వికులైన మేధావులు ఇప్పటికీ అంటుంటారు. వాళ్ళని ఒక్కసారి పాటన్ తీసుకుపోవాలి. విహారం గుమ్మానికి గణేశుడు కాపలా కాస్తుంటే లోపలున్న బుద్ధుడి దగ్గరికి ఎవరు చేరతారో, ఎవరు చేరరో చూపించాలి. ఇరవై రెండు ప్రతిజ్ఞలు లేని బౌద్ధం కులంతో ఎన్ని వందల ఏళ్ళైనా కాపురం చెయ్యగలదు. చేసింది.

నేపాల్ ఒక్కటే కాదు. సింహళంలో 1753లో సయాం నుంచి ఉపసంపద తెచ్చుకుని ఏర్పడ్డ సయాం నికాయ కొద్దికాలానికే గొయిగమ కులం వాళ్ళకి తప్ప తలుపు తియ్యనంది. దాల్చినచెక్క ఒలిచే సలాగమ కులం వాళ్ళు ఓడెక్కి బర్మా పోయి దీక్ష తెచ్చుకుని అమరపుర నికాయ పెట్టుకోవాల్సొచ్చింది. జపాన్‌లో చచ్చినవాళ్ళకి గుడి పంతులు కొత్త పేరు పెట్టే ఆచారం ఉంది. బురాకు జనానికి పెట్టిన పేర్లలో పశువు అనే అక్షరం, తోలు అనే అక్షరం ఇరికించేవాళ్ళు, సమాధి రాయి చూస్తే కులం తెలిసిపోయేట్టు. అక్కడా తోలే. చచ్చాక కూడా తోలే.

ఆదివారం పొద్దున బౌద్ధనాథ్ వెళ్ళాం. పెద్ద స్తూపం. 2015 ఏప్రిల్ 25 భూకంపానికి పై భాగం దెబ్బతింటే విప్పి మళ్ళీ కట్టారు, 2016 నవంబరులో తెరిచారు. 1959 తర్వాత వచ్చిన టిబెట్ శరణార్థులతో చుట్టుపక్కలంతా నిండిపోయింది. ముసలమ్మలు జపమాలలు తిప్పుతూ ప్రదక్షిణం చేస్తుంటే వాళ్ళ వెనక మేమూ నడిచాం. నిన్న గుమ్మం దగ్గర ఆగిపోయిన మా విద్యార్థి ఇక్కడ అందరికంటే ముందు నడిచాడు. కారణం అతను రాత్రి చదివిన కథ.

ఈ స్తూపం పుట్టుకకి రెండు కథలున్నాయి. నేవార్ల కథ రాజుది. తండ్రిని చంపిన పాపం కడుక్కోవడానికి రాజకుమారుడు కట్టించాడని, కరువు రోజుల్లో గుడ్డలు పరిచి పట్టిన మంచునీళ్ళతో కట్టారని. టిబెట్ వాళ్ళ కథ కోళ్ళు పెంచుకునే ఒక పేదరాలిది. నలుగురు మగవాళ్ళ వల్ల నలుగురు కొడుకులామెకి: ఒకడు గుర్రాలు కాసేవాడు, ఒకడు పందులు కాసేవాడు, ఒకడు కుక్కలు కాసేవాడు, ఒకడు కోళ్ళవాడు. కూడబెట్టిన డబ్బుతో స్తూపం కడతానని రాజుని చోటు అడిగింది. ఒక గేదె తోలు ఎంత పరుస్తుందో అంత చోటు చాలంది. అంతేనా అని రాజు సరేనన్నాడు. ఆమె ఆ తోలుని సన్నటి వారులుగా కోసి, ఒకదానికొకటి ముడేసి, ఇంత పెద్ద చోటు చుట్టేసింది. ఊళ్ళో పెద్దవాళ్ళకి మంటెత్తింది. కోళ్ళు కాసుకునేది ఇంత స్తూపం కడితే ఇక మా పరువేంగాను, ఆపించండి అని రాజు దగ్గరికి పోయారు. ఒకసారి ఇచ్చిన మాట ఇచ్చినట్టే అన్నాడు రాజు. ఆమె కట్టడం మొదలుపెట్టి పూర్తికాకుండానే చనిపోతే కొడుకులు పూర్తిచేశారు. స్తూపానికి టిబెట్ భాషలో ఉన్న పేరే ఆ రాజు నోరుజారి ఇచ్చిన అనుమతిని గుర్తుచేసే పేరు.

ఈ కథని అందరూ తెలివైన ముసలమ్మ కథగా చెప్పి నవ్విస్తారు. మాకు అది భూమి కథ. చోటు లేనివాళ్ళు చోటు సంపాదించిన కథ. తోలుని సన్నటి వారుగా, తెగకుండా, చివరిదాకా కోయడం అందరికీ రాదు, మా విద్యార్థి తాతకి వచ్చు. రంపె పట్టిన చెయ్యి తెలివి అది. పెద్దకులాల పిర్యాదు కూడా మనకి తెలిసిందే, మన ఊళ్ళల్లో అంబేద్కర్ విగ్రహం పెడతామన్నప్పుడల్లా వినేదే. స్తూపాల్లో పేరుమోసిన ఒక స్తూపం గేదె తోలు గీసిన హద్దు మీద నిలబడి ఉందని బౌద్ధులే చెప్పుకుంటున్నారు. అదే లోయలో, అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలో, తోలు బెల్టు బుద్ధుడికి మైల.

కథ గదా, కథలకేం అంటారు. కథ కాని సాక్ష్యం మన కృష్ణ ఒడ్డునే ఉంది. అమరావతి స్తూపం శాసనాల్లో ఒకటి విధికుడు అనే ఆయనది. చమ్మకార అని శాసనంలోనే ఉంది, తోలుపనివాడు. ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్ళతో, బంధువులతో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతిపలక స్తూపానికి ఇచ్చాడు. ఆ నాలుగు ముక్కలు మళ్ళీ చదవండి. తోలుపనివాడి తండ్రి ఉపాధ్యాయుడు. తోలుపనివాడు తన వృత్తి దాచుకోలేదు, రాయి మీద చెక్కించుకున్నాడు. ఇంటిల్లిపాదీ పేరుపెట్టుకున్నారు. స్తూపం ఆ పలకని పుచ్చుకుంది, తోలు చేతుల మీదుగా వచ్చిందని బయటపెట్టలేదు. పూర్ణఘటం అంటే ఇవాళ శుభకార్యాలకి పెద్దకులాలవాళ్ళు పట్టుకునే పూర్ణకుంభం. దాన్ని సుమారు రెండువేల ఏళ్ళ కిందట బుద్ధుడికి పట్టినవాళ్ళలో ఒక చెప్పులు కుట్టే ఇల్లు ఉంది.

అయితే మనం బౌద్ధంలో కులం లేదు అనేబదులు, ఒకప్పుడు ధాన్యకటకంలో తోలుపనివాడు తలెత్తుకుని నిలబడగలిగాడు, తర్వాత పాటన్‌లో నిలబడలేకపోయాడు, ఈ రెండిటి మధ్య ఏం జరిగిందో చెప్పండి అని అడగాలి. ఆ అడిగేది ముందు మనల్ని మనమే అడగాలి. మన బౌద్ధ సభలకి పోయినప్పుడు చూడండి. గేటు దగ్గర డప్పు మోగుతుంది, నాయకుల్ని డప్పుతో వేదిక దాకా తీసుకొస్తారు. వేదిక ఎక్కాక డప్పు ఆగిపోతుంది, రికార్డు చేసిన పాలీ వందనం మొదలవుతుంది. డప్పు కొట్టినవాళ్ళు పక్కన చెట్టుకింద కూర్చుంటారు. 1994లో దండోరా మొదలయ్యాక మాదిగ యువకులు ఈ మాట ఎత్తినప్పుడు ఐక్యత చెడుతుందని మనలో కొందరం విసుక్కున్నాం. ఆ విసుగులో మా పాలు కూడా ఉంది, దాచుకోం. విహారం కట్టడానికి చందాలు వేసుకుంటున్నాం, మంచిదే. ఆ విహారంలో డప్పు ఎక్కడ పెడతాం? పిల్లల పెళ్ళిళ్ళు మాల మాదిగల మధ్య ఎన్ని జరుగుతున్నాయి? శాక్యులు కూడా మొదట్లో బుద్ధుడి మనుషులమనే అనుకుని ఉంటారు.

నేపాల్‌లో 1963 నుంచి చట్టంలో అంటరానితనం లేదు. 2011లో ప్రత్యేక చట్టం వచ్చింది, 2015 రాజ్యాంగం దళితుల హక్కుల్ని విడిగా రాసింది. 2021 జూన్‌లో అదే ఖాట్మండులో ఒక దళిత జర్నలిస్టుకి కులం తెలిశాక అద్దెకి గది ఇవ్వలేదు, కేసు పోలీసు స్టేషను దాకా పోయింది. 2021 జనాభా లెక్కల్లో బౌద్ధులు 8.21 శాతం. వాళ్ళలో ఎక్కువమంది తమాంగ్, గురుంగ్, షెర్పా, నేవార్ వంటి జాతులవాళ్ళు. జనాభాలో 13 శాతానికి పైగా ఉన్న దళితులు, లుంబిని ఉన్న దేశంలో, పెద్దయెత్తున బుద్ధుడి వైపు రాలేదు. వాళ్ళు 1954లో సహర్షనాథ్ కపాలి నాయకత్వాన పశుపతినాథ్ గుడి తలుపులు తట్టారు. వాళ్ళకి తట్టదగ్గ తలుపుగా విహారం ఎందుకు కనపడలేదో పాటన్ వాళ్ళే చెప్పాలి.

శనివారం మేము క్వా బహా లోపలున్న గంటసేపు మా విద్యార్థి ఏం చేశాడో రాత్రి భోజనం దగ్గర చెప్పాడు. సందు మొదట్లో గొడుగు కింద ఒకాయన చెప్పులు కుడుతూ కనపడ్డాడట. పక్కన కూర్చున్నాడు. ఆయనది తరాయి, బీహారుకి ఆనుకున్న ఊరు. వచ్చి పాతికేళ్ళైంది. వీడి వచ్చీరాని హిందీ, ఆయన మైథిలి కలిపి మాట్లాడుకున్నారు. ఎప్పుడైనా గుడి లోపలికి వెళ్ళారా అని అడిగితే, లోపల నాకేం పని, చెప్పులు బయటే గదా విప్పుతారు అన్నాడట. చెయ్యి చూసి, నీదీ ఇదే పనా అని అడిగాడట ఆయన. మా నాన్నది అని వీడు చెప్పాడు. ఆయన తన ఆరె తీసి చూపించాడు, పిడి మార్చుకున్నాడట, కర్ర పగిలిపోతే బర్రె కొమ్ముతో. మా ఊళ్ళోనూ అంతే అన్నాడు వీడు. వీడి చెప్పుకి వారు ఊడితే కుట్టించుకున్నాడు. డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నాడట, ఒక్క రూపాయి తగ్గించలేదు.